నాకు, దాన్ని, ఇయ్యి

భద్రాచలం సంతలో చింతపండు బుట్ట ముందు ఒకామె ‘అది నాకియ్యి’ అంటుంది. పక్కనామె ‘నాకది ఇయ్యి’ అంటుంది. తొందరలో ఉన్న ఇంకొకరు ‘ఇయ్యి నాకది’ అన్నా అమ్మే మనిషి చేయి బుట్టలోకే పోతుంది. ‘కు’ తోడుంటే చాలు, ‘నాకు’ వాక్యంలో ఎటు తిరిగినా తప్పిపోదు.

ఈమధ్య స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘మే లో దా’: నాకు, దాన్ని, ఇస్తాడు. ఎవరికో ముందు, దేన్నో తర్వాత, ఆ వెనుకే క్రియ. మార్చడానికి లేదు. ఇయ్యమని అడిగేటప్పుడు మాత్రం ఆ రెండూ క్రియ వెనక్కి వెళ్లి అతుక్కుంటాయి: ‘దామెలో’. ఇయ్యొద్దు అనాలంటే మళ్లీ ముందుకొస్తాయి: ‘నో మే లో దెస్’. ఎంత చిన్న మాటలు, ఎంత కట్టుబాటు!

గోదావరి ఒడ్డున కోయ భాష మాట్లాడే ఇళ్లలోనూ, మన తెలుగులోలాగే, మామూలుగా క్రియ చివరికే వస్తుంది. అక్కడి గొమ్ము కోయ మాండలికానికి స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. అడవికి ఇటూ అటూ వాక్యం నడక ఒకటేనని తెలిస్తే మనసుకు హాయిగా ఉంటుంది.

మనిషి తనను తాను వాక్యంలో ఎక్కడ ఉంచుకుంటాడు? నేలకొండపల్లిలో పుట్టి గోల్కొండ చెరలో మగ్గిన రామదాసు కీర్తనల్లో ‘నను’ ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక ఉంటుంది. కాళ్లకు సంకెళ్లున్నా మాటకు లేవు.

స్పానిష్ మొదలుపెట్టే తెలుగువాళ్లారా, బెదరకండి. ‘మే లో దా’ మన ‘నాకు దాన్ని ఇస్తాడు’ వరుసే. ముందు దాన్ని నోటికి పట్టించండి, ‘దామెలో’ సంగతి తర్వాత చూద్దాం.