రోగుల కోసం కాసే ద్రాక్ష

చుట్టూ ద్రాక్షతోటలు. నడుమ పాత కోటగోడల్లో ఒదిగిన చిన్న ఊరు. ఫ్రాన్స్‌లోని బోన్‌ను చూసినవారెవరైనా ఇదే చెబుతారు. కానీ ఆ తోటల్లో దాదాపు 150 ఎకరాలకు యజమాని ఓ ఆసుపత్రి... అదీ అసలు విశేషం!

ప్యారిస్‌లో రైలెక్కితే సుమారు గంటన్నరలో దిజోన్. అక్కడ రైలు మారితే మరో అరగంటలోపే బోన్. బర్గండీ వైన్‌కు రాజధానిగా పేరున్నా జనాభా 20 వేలే. రాళ్లు పరిచిన సందుల్లో తీరిగ్గా నడుస్తూ ఊరంతా చుట్టేయొచ్చు. కాళ్ల కింద, నేలమాళిగల్లో, పీపాల్లో వైన్ పక్వానికొస్తుంటుంది.

ఊరి మధ్యలో ఉంటుంది ఓటెల్ ద్యూ... అంటే దేవుడి ఇల్లు. వీధిలోంచి చూస్తే బూడిదరంగు కప్పుతో సాదాసీదాగా కనిపిస్తుంది. లోపలి ముంగిట్లోకి అడుగుపెడితే మాత్రం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెంకులు ఎండలో మెరుస్తూ కళ్లు చెదరగొడతాయి. యుద్ధాలతో, కరవుతో జనం అల్లాడుతున్న రోజుల్లో, 1443లో, బర్గండీ ప్రభువు దగ్గర ప్రధానాధికారిగా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి ఇది. పొడవాటి హాల్లో రెండు వైపులా ఎర్రతెరల మంచాలు, చివర్న ప్రార్థనామందిరం. రోగులు పడుకునే ప్రార్థన వినేందుకు ఆ ఏర్పాటు. 1971 దాకా ఇక్కడ వైద్యం జరిగింది. ఇప్పుడిది మ్యూజియం. రోజియర్ వాన్ డర్ వైడెన్ గీసిన 'అంతిమ తీర్పు' చిత్రాన్ని చూడకుండా బయటికి రావద్దు.

మన దగ్గర గుళ్లకూ సత్రాలకూ మాన్యాలు రాసినట్టే, అక్కడివాళ్లు ఈ ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఏటా నవంబరు మూడో ఆదివారం ప్రపంచం నలుమూలల నుంచీ కొనుగోలుదార్లు వస్తారు. ఒక్కో పీపాలో 228 లీటర్లు. వచ్చిన సొమ్ము ఊళ్లోని ఇప్పటి ఆసుపత్రికీ పాత భవనం మరమ్మతులకూ ఖర్చవుతుంది. ఇచ్చినవాళ్లు పోయినా వాళ్ల దానం ఏటా కాస్తూనే ఉందన్నమాట!

అయితే ఆ కాపుకే ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. బోన్‌లో ద్రాక్షకోతలు ఎప్పుడు మొదలయ్యాయో 1354 నుంచీ లెక్కలున్నాయి. ఆరు శతాబ్దాలకు పైగా సగటున సెప్టెంబరు 28న మొదలైన కోతలు, 1988 తర్వాత దాదాపు 13 రోజులు ముందుకు జరిగాయి. ఎండలు ముదిరి కాయ త్వరగా పండుతోంది. చిగుళ్లూ ముందే వస్తున్నాయి, వాటిని మంచు కాటేస్తోంది. 2021 ఏప్రిల్‌లో తోటల్లో రాత్రంతా మంటలు వేసినా పంట బాగా దెబ్బతింది. దిగుబడి తగ్గితే ఆ నవంబరులో వేలానికొచ్చే పీపాలూ తగ్గుతాయి.

కోతలు చూడాలంటే సెప్టెంబరులో వెళ్లండి. వేలం చూడాలంటే మాత్రం హోటల్ గది నెలల ముందే బుక్ చేసుకోవాలి. వైన్ అలవాటు లేకపోయినా ఫర్వాలేదు... ఆ పెంకుల కింద కాసేపు నిలబడితే చాలు!