గట్టుకి ఇటొకడు, అటొకడు

పెదకాకాని
ఆదివారం

అక్కా,

మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పొంగళ్ల పొగకి పొద్దున్నే కళ్లు మండిపోయాయి. భరద్వాజుడి యజ్ఞంలో హవిస్సు తిన్న కాకికి ఇక్కడే శాపం తీరిందని స్థలపురాణం. అలాంటి ఊరికి పిట్టల్ని చూడ్డానికి వచ్చానంటే లాడ్జి కుర్రాడు నవ్వాడు.

సాయంత్రం మిరప కల్లాల వైపు వెళ్లాను. కాయ ఎండుతోంది, ఆ ఘాటుకి ఒకటే తుమ్ములు. పక్కనే ప్లాట్లు వేసి వదిలేసిన పొలం. హద్దు రాయి మీద ఒక మగ నల్లంచి. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, తోక నిక్కబొడుచుకుని ఉంటే దాని కింద ఇటుక రంగు. అల్లంత దూరాన తుమ్మచెట్టు మీద ఇంకొకడు. వాడు కూస్తే వీడు ఒక్క క్షణం విని, తనూ ఓ కూత కూసి, మళ్లీ పురుగుల కోసం నేల మీదికి దిగుతున్నాడు. కొట్లాట లేదు, తరుముకోవడం లేదు.

ఇంతలో కెమెరా పట్టుకొచ్చిన ఓ అబ్బాయి ఫోన్‌లో ఎక్కడిదో వేరే నల్లంచి పాట పెట్టాడు. అంతే! రాయి మీదవాడు తిండి మానేసి ఫోన్ చుట్టూ గిరగిరా తిరిగాడు. రెక్క విదిలిస్తే భుజం మీది తెల్లమచ్చ తళుక్కుమంటోంది. ఆ అబ్బాయికి ఫోటో దొరికింది. ఫోన్ ఆపేశాక కూడా చాలాసేపటి వరకు ఆ పిట్ట మళ్లీ మేతకి దిగలేదు.

మంగళవారం

అక్కా,

పక్కవాడి పాటకి ఊరుకున్నవాడు ఫోన్ పాటకి ఎందుకు ఎగిరిపడ్డాడని అడిగావుగా. టొరంటో విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఫాల్స్ అనే ఆయన దీని వెంటే పడ్డాడు. 1959లో ఓవెన్‌బర్డ్ అనే అడవిపిట్ట మీద, 1975లో తెల్లగొంతు పిచ్చుక మీద ఆయనా తోటివాళ్లూ చేసిన పరిశీలనలు అచ్చయ్యాయి. రికార్డు చేసిన పాటను హద్దు దగ్గర స్పీకర్‌లో వినిపించడమే పద్ధతి. పొరుగు పిట్ట పాటకి ఆ చోటు కాసే పిట్ట కాస్త బదులిచ్చి ఊరుకుంది. కొత్త పిట్ట పాటకి మీదికొచ్చింది. అసలు తమాషా ఇక్కడుంది: తూర్పు పొరుగువాడి పాటనే పడమటి హద్దులో వినిపిస్తే, వాణ్ని కూడా పరాయివాడి కిందే లెక్కగట్టింది. అంటే గొంతు ఒక్కటే కాదు, ఆ గొంతు ఏ దిక్కున ఉండాలో కూడా దానికి తెలుసు.

కారణం మన పల్లెల్లో ఎవరైనా చెబుతారు. పక్క చేను రైతుతో గట్టు తగాదా ఒక్కసారి తేలిందా, ఇక రోజూ కర్ర పట్టుకు నిలబడక్కర్లేదు. పిట్టల్లోనూ అంతే: పొరుగువాడికి వాడి చేనుంది, ఆడపిట్ట ఉంది. ఏమీ లేకుండా తిరిగేవాడే చేను లాక్కోవడానికి వస్తాడు. జేమ్స్ ఫిషర్ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశీలకుడు 1954లోనే ఇలాంటి పొరుగువాళ్లను ప్రియ శత్రువులన్నాడు. ప్రియం మాట ఏమోగానీ, లెక్క మాత్రం సరిగ్గా ఉంది!

జ్ఞాపకం కూడా గట్టిదే. హుడెడ్ వార్బ్లర్ అనే వలస పిట్ట చలికాలం మధ్య అమెరికా వైపు వెళ్లి తిరిగొచ్చాక కూడా పోయినేటి పొరుగువాళ్ల గొంతుల్ని గుర్తుపడుతుందని రెనీ గొడార్డ్ 1991లో చూపించింది. మన ఫోన్‌లో మెర్లిన్ యాప్ పాట విని ఇది నల్లంచి అని మాత్రమే చెబుతుంది. ఏ నల్లంచో నల్లంచికే తెలియాలి.

గుంటూరు
గురువారం

అక్కా,

నిన్న పెదకాకాని పొలాల్లో ఒక పెద్దాయన కౌజు పిట్టల సంగతి చెప్పాడు. వెనకటికి పంజరంలో మగ కౌజుని పెట్టుకుని పొలం మధ్యకి వెళ్లేవాళ్లట. చుట్టూ ఉచ్చులు వేసి, చాటున కూర్చునేవాళ్లు. పంజరం పిట్ట కూయగానే ఆ చేలో ఉండే కౌజు రోషంగా పరుగెత్తుకొచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. “కొత్త గొంతు, బాబూ. దానికి ఆగదు,” అన్నాడు. ఫాల్స్ స్పీకర్ పెట్టి తేల్చిన విషయం మన వేటగాళ్లకి ఉచ్చు పెట్టినప్పటి నుంచీ తెలుసన్నమాట. వాళ్లు దాన్ని కూరకి వాడుకున్నారు, అంతే తేడా. ఇప్పుడు కౌజుని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఫోన్‌లో పాట పెట్టడమూ ఆ పంజరం లాంటి పనే అనిపిస్తోంది. ఉచ్చు ఉండదు, కానీ పిట్ట మేత మాని లేని శత్రువు కోసం వెతుకుతుంది. పిల్లలకి గట్టిగా చెప్పు: మన పెరట్లో పెద్ద నల్లంచి పాడుతుంటే వినండి, కావాలంటే రికార్డు చేసుకోండి, తిరిగి దానికి మాత్రం వినిపించొద్దు. ముఖ్యంగా ఈ మార్చి నుంచి జూలై దాకా. అవి గుడ్లు పెట్టే నెలలు.

నీ తమ్ముడు