కాపు వచ్చేదాకా

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి. పాలకొల్లు నుంచి వశిష్ఠ గోదావరి దాటి వెళితే వచ్చే ఓ తోటలో ఆ రాత్రి గోడ కూలి ఒక రైతు చనిపోయాడు. అతని భార్య ఇద్దరు పిల్లలతో పాలకొల్లులోని పుట్టింటికి చేరింది.

వరి మునిగితే సార్వా పోయినా దాళ్వాకైనా గింజ ఇంటికొస్తుంది. కొబ్బరి అలా కాదు. దేశవాళీ మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. అందాకా దింపు లేదు, బజారులో వెయ్యి కాయల ధర ఎంత పలికినా ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. ఆమె ముందున్న అసలు లెక్క ఆ ఆరేళ్లదే.

అమ్మేయమన్నవాళ్లే ఎక్కువ. గాలి కాస్త విసురుగా వీస్తే చాలు, పిల్లల్ని దగ్గరకు లాక్కుని తెల్లవార్లూ కూర్చునేది. తోట మొహం చూడటమే కష్టమైన రోజుల్లో, ఎవరైనా కాగితం ముందు పెడితే సంతకం చేసేసేదే. అప్పుడు చట్టం అడ్డం నిలిచింది. భర్త పేరనున్న భూమిలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటాలు. మైనర్ల వాటాను కన్నతల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని 1956 నాటి చట్టం చెబుతోంది. నరసాపురం వకీలు ఈ సంగతి విడమరిచాక, కొంటామని వచ్చినవాళ్లందరికీ అదే జవాబు చెప్పి పంపింది.

భర్త మరణానికి ఇచ్చిన పరిహారం సొమ్ము చేతికొచ్చింది.

“నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుదాం చెల్లాయ్, తీసుకునేది మనవాళ్లే” అన్నాడు అన్నయ్య. అంటే ఏడాదికి 24 శాతం. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం అప్పట్లో ఇచ్చేది 13 శాతం. తేడా తక్కువేం కాదు. “వాళ్ల తోటలూ పడిపోయాయి కదన్నయ్యా, ఏ కాయలమ్మి తీరుస్తారు?” అని అడిగిందామె. ఈ ప్రశ్నకు ఎంత విలువ కట్టినా తక్కువే. అప్పిచ్చినవాడినీ తీసుకున్నవాడినీ ఒకే తుపాను ముంచినప్పుడు, ఎంత నమ్మకస్తుడైనా ఇవ్వలేడు. మరుసటి ఏడే, ఎక్కువ వడ్డీ ఆశ చూపిన సీఆర్‌బీ క్యాపిటల్ మార్కెట్స్ దేశవ్యాప్తంగా డిపాజిటర్లను ముంచింది.

పోస్టాఫీసులో లక్ష వేస్తే నెలకు 1,083 రూపాయలు చేతికొచ్చేవి. గడువు ఆరేళ్లు, అది తీరాక అసలు మీద 10 శాతం బోనస్. మొక్క కాపుకొచ్చే కాలమూ దాదాపు అంతే. పరిహారం అక్కడే వేసి, ఆ వడ్డీని పిల్లల ఫీజులకే కేటాయించి, పద్దుల పుస్తకంలో దానికి వేరే పేజీ పెట్టింది.

ఇంటి ఖర్చుకు లేసు అల్లేది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, అల్లే చేతులకు దక్కే కూలీ ఏనాడూ న్యాయంగా లేదు. దారం ఉండలు తూచి ఇచ్చేవారు, అల్లింది మళ్లీ తూచి తీసుకునేవారు. నిద్ర పట్టని రాత్రుల్లో ఒళ్లో ఉండ పెట్టుకుని, గాలి చప్పుడు వినపడకుండా గళ్లు లెక్కపెట్టుకుంటూ అల్లేది.

తోటను కౌలుకిచ్చినప్పుడు చేసుకున్న ఒప్పందం ఇంకా ముందుచూపు గలది. కౌలు తగ్గించుకుంది. బదులుగా కొత్త కొబ్బరి మొక్కలకు నీరు, ఎరువు పెట్టే బాధ్యత కౌలుదారుది. మొక్కల మధ్య అరటి వేసుకుని ఏడాది తిరిగేసరికి గెలలు అమ్ముకునే వీలు అతనిది. ఇద్దరికీ గిట్టింది, మొక్కలూ బతికాయి.

తొలి దింపు డబ్బుతో తాకట్టులో ఉన్న నగలు విడిపించుకోమని అందరూ అన్నా, ముందు పోస్టాఫీసులోనే వేసింది. ఇప్పుడు ఆ పథకం గడువు ఐదేళ్లు, వడ్డీ 7.4 శాతం, ఒక్కరి పేర 9 లక్షల దాకా వేసుకోవచ్చు. తోట చూసుకుంటున్న కొడుకు కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమా కూడా కడుతున్నాడు. పదిహేనేళ్ల లోపు చెట్టు పడిపోతే 900 రూపాయలు, ముదురు చెట్టుకు 1,750. ప్రీమియంలో నాలుగో వంతే రైతు వాటా. ఆ సొమ్ము మళ్లీ మొక్క నాటుకోవడానికి పనికొస్తుంది గానీ మధ్యలో ఆరేళ్లు ఇల్లు గడపదు. అందుకే ప్రతి దింపులోనూ కొంత తీసి తల్లి పేర ఉన్న ఖాతాలో వేశాకే మిగతాది ఇంటికి తెస్తున్నాడు.