పరగోడులో ఒక చలికాలం, రెండు కార్లు

మాది పరగోడు. బాగేపల్లికి దగ్గరలో, చిత్రావతి ఒడ్డున ఉన్న ఊరు. పేరు చెప్పగానే "అది ఆంధ్రాలోనా, కర్ణాటకలోనా?" అని అడుగుతారు. ఊరు కర్ణాటకలో ఉంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. 2007 దాకా కోలారు జిల్లా, ఆ తరువాత చిక్కబళ్ళాపురం జిల్లా. నందికొండల వైపు పుట్టిన చిత్రావతి మా ఊరు దాటి, సరిహద్దు దాటి, పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. 2003 ప్రాంతంలో ఇక్కడి ఆనకట్ట గురించి రెండు రాష్ట్రాలూ గట్టిగానే వాదులాడుకున్నాయి. అప్పట్లో పత్రికల్లో మా ఊరి పేరు చూసినవాళ్ళు మీలోనూ ఉండవచ్చు.

అయితే ఇప్పుడు నేను చెప్పబోయేది నీళ్ళ సంగతి కాదు, కారు బ్యాటరీ సంగతి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. రెండేళ్ళకొకసారి డిసెంబరు సెలవులకు బయలుదేరి, సంక్రాంతి పండగ చూసుకుని తిరిగి వెళతాము. అంటే ఆరు వారాలపాటు అక్కడి కారు గరాజులో కదలకుండా పడి ఉంటుంది. అక్కడి చలి ఎట్లాంటిదో అక్కడున్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల చలికి కూడా గడ్డకట్టదు. అదే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ అయితే మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగిలిపోవచ్చు. ఎందుకంటే చార్జి దిగేకొద్దీ ఆసిడ్ పలకల్లోకి పోయి, పైన మిగిలేది చాలావరకు నీళ్ళే. అందుకని నేను ప్రయాణానికి ముందు ఒక చిన్న ఆటోమాటిక్ చార్జరు తగిలించి వస్తాను. అది బ్యాటరీని నింపి, ఆ తరువాత 13 వోల్టుల పైచిలుకు దగ్గర నిలబెట్టి ఉంచుతుంది. పాతకాలపు చార్జర్లలాగా ఆగకుండా పోస్తూ పోయి ఆసిడ్‌ను మరిగించదు. రెండేళ్ళ క్రితం బయలుదేరేటప్పుడు కూడా ఈ ఏర్పాటంతా చేసి, "ఇక నిశ్చింత" అని మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

బెంగుళూరు విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గర ఉండడం మా వైపువాళ్ళకు పెద్ద వరం. ఊళ్ళోకి పోనక్కరలేదు. అదే హైవే పట్టుకుని ఉత్తరానికి తిరిగితే ఎడమవైపు నందికొండ, తరువాత చిక్కబళ్ళాపురం, ద్రాక్షతోటలు, పెరేసంద్ర, ఆ తరువాత బాగేపల్లి. బోర్డులన్నీ కన్నడంలోనే ఉంటాయి కానీ, పెరేసంద్ర దాటేసరికి టీ అంగడిలో "ఏమప్పా, ఎప్పుడొస్తివి?" అన్న పలకరింపు వినపడుతుంది. అది విన్నాక గానీ ఇల్లు చేరినట్టు ఉండదు నాకు.

ఊళ్ళో చిన్నాయన, చిన్నమ్మ ఉన్నారు. నన్ను పెంచింది వాళ్ళే. పిల్లలంతా బయట ఊళ్ళలో స్థిరపడ్డాము కాబట్టి, అందరమూ కలిసి వాళ్ళకు ఒక చిన్న కారు కొని ఇచ్చాము. చిన్నాయన దాన్ని ఎద్దుల కంటే ముద్దుగా చూసుకునేవాడు. ఆ ఏడు దీపావళికి ముందు కంట్లో పొర తీయించుకోవడంతో బండి తోలడం మానేశాడు.

మేము వచ్చిన మూడో రాత్రి, రెండు గంటలప్పుడు చిన్నమ్మకు ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరాడటం లేదు, కూర్చుంటే చెమటలు. అంబులెన్సుకు ఫోను చేసి ఎదురుచూసే ధైర్యం లేకపోయింది. నేను షెడ్డులోకి పరుగెత్తి కారు తాళం తిప్పాను. టక్ టక్ మన్నదే గానీ సెల్ఫ్ తీసుకోలేదు. లైట్లు వేస్తే మినుకుమినుకుమన్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇరుగుపొరుగు నలుగురు దుప్పట్లు కప్పుకునే వచ్చారు. రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని, "తోయండప్పా" అన్నాను. గుడి ముందరి పల్లంలో వేగం అందుకున్నాక క్లచ్ వదిలితే ఇంజను లేచింది. బ్యాటరీలో ఆ కాస్త ప్రాణమైనా ఉండబట్టి సరిపోయింది. పూర్తిగా చచ్చి ఉంటే ఈ కాలపు కార్లు తోసినా లేవవు, పెట్రోలు పంపుకు కూడా కరెంటు కావాలి. బాగేపల్లిలో ఆక్సిజన్ పెట్టించి, అక్కడినుంచి చిక్కబళ్ళాపురం తీసుకుపోయాము. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఐదు రోజులుండి ఇంటికొచ్చింది.

ఆ ఐదు రోజులూ చిన్నాయన ఆస్పత్రి వరండాలో నాతో ఒకటే మాట. "ప్రతి సోమవారం ఐదు నిమిషాలు ఇంజను ఆన్ చేసి పెడతానే ఉంటిని గదప్పా! యాల దిగిపోయింది?"

పాపం, ఆయన చేసింది చాలామంది చేసేదే. ఊరికి తిరిగొచ్చాక మీటరు పెట్టి కొలిచాను. కారు తాళం వేసి ఉన్నా గడియారం, లాకులు, కంప్యూటరు కలిసి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నాయి. వినడానికి ఎంతో లేదు. కానీ వారానికి 168 గంటలు. లెక్క వేస్తే వారానికి 5 ఆంపియర్ అవర్లు పోయినట్టు. ఆ బ్యాటరీ మొత్తమే 35. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజను తిప్పితే ఒక్కటి తిరిగి రావడమే కష్టం. అంటే వారానికి నాలుగు చొప్పున ఏడు వారాలు, దీపావళి నుంచి మేము వచ్చేదాకా. ఐదు రాబడి, తొమ్మిది ఖర్చు అన్నట్టు సాగే సంసారం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇంకో సంగతి. మిన్నెసోటాలో చలికి భయపడతాము గానీ, మా వైపు బ్యాటరీకి అసలు శత్రువు ఎండాకాలం. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగిందంటే బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. దిగిపోయిన బ్యాటరీని అట్లాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జింగు పెట్టినా ఎక్కదు. బాగేపల్లి మెకానిక్ రాత్రంతా చార్జింగులో పెట్టి, "మీ అదృష్టం, ఇంకా పట్టుకుంటా ఉంది" అన్నాడు. డిస్టిల్డ్ వాటర్ కూడా పోశాడు. మా ప్రాంతపు బోరునీళ్ళు మనుషులకే మంచివి కావు, ఫ్లోరైడు ఎక్కువ. బ్యాటరీలో బోరునీళ్ళు పోస్తే అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందని చిన్నాయన ఒక చెక్క తెచ్చాడు. ఈనాటి ప్లాస్టిక్ పెట్టె బ్యాటరీలకు ఆ భయం లేదు. అయినా ఆయన మాట తీసేయలేక చెక్క మీదే పెట్టాము.

నన్ను బాధపెట్టింది మాత్రం వేరే. ఆరు వారాలు ఎవరికీ అవసరం లేని కారుకు అంత జాగ్రత్తగా చార్జరు తగిలించి వచ్చాను. అర్ధరాత్రి అవసరం పడే కారు ఎట్లా ఉందని ఫోనులో ఒక్కసారీ అడగలేదు.

మీ ఊళ్ళలోనూ అమ్మానాన్నల కోసం కొన్న కార్లు షెడ్లలో ఉంటాయి కాబట్టి, మేము చేసిన ఏర్పాటు చెబుతాను. నెలల తరబడి ఎవరూ తోలకపోతే నెగటివ్ తీగ విప్పేయాలి. విప్పేటప్పుడు అది ముందు, బిగించేటప్పుడు అది చివర. అవసరానికి బండి సిద్ధంగా ఉండాలంటే తీగ విప్పకూడదు, ఆటోమాటిక్ చార్జరు పెట్టాలి. కరెంటు పోయి వస్తే తనంతట తాను మళ్ళీ మొదలయ్యే రకం చూసి కొనాలి. గాలి ఆడేచోట పెట్టాలి, దగ్గర బీడీ ముట్టించకూడదు. ఒక మీటరు కొనిపెట్టాలి. రాత్రంతా కదలని బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తగ్గితే ఆ రోజే చార్జింగు. అన్నిటికంటే మేలు, వారానికొకసారి గంటసేపు రోడ్డు మీద తిప్పడం.

ఆ చివరి పనికి పక్కింటి అబ్బాయి ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున చిన్నాయననూ చిన్నమ్మనూ కూర్చోబెట్టుకుని సుమారు 40 కిలోమీటర్లు, చిక్కబళ్ళాపురం దాకా పోయి వస్తాడు. చిన్నమ్మకు మందులు, చిన్నాయనకు మసాలా దోసె, బ్యాటరీకి చార్జింగు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో ఫోను మోగుతుంది. తీయగానే చిన్నాయన, "పన్నెండు పాయింట్ ఆరు ఉందప్పా" అంటాడు. తరువాత ఫోను చిన్నమ్మకిస్తాడు.