పదహారేళ్ల చేతికి ‘ప్రజల మనిషి’

ఇప్పుడు చదువుతున్నది వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. 1950ల్లో వచ్చిన ఈ నవల పోటీ పరీక్షల పిల్లలకు ఒక బిట్ ప్రశ్నగానే తెలుసు. నా దృష్టిలో ఇది ఎదిగే వయసువాళ్ల నవల. దొర గడీ, వెట్టి, ఊరి భయం మధ్య పెరిగిన కంఠీరవం పెద్దవాళ్లు సరేనన్నదాన్ని కాదనడం నేర్చుకుంటాడు. ఆ వయసు పాఠకులు ఏ దేశంలోనైనా కథలో వెతికేది దాన్నే. అమెరికాలో ఎస్‌.ఇ. హింటన్ ‘ది ఔట్‌సైడర్స్’ (1967) పదిహేనేళ్లకే మొదలుపెట్టింది కూడా పెద్దలు రాసిన టీనేజీ కథల్లో తన తోటివాళ్లు కనిపించకే.

దొరలు పోయిండ్రు, వెట్టి పోయింది, ఇంటర్ పిల్లలకు ఇదెందుకు అంటారు. ‘హంగర్ గేమ్స్’ నవలలోని దేశం అసలు లేనే లేదు, అయినా హుజూరాబాద్ పిల్లలకూ అది అర్థమవుతుంది. వంగర, హుస్నాబాద్ చుట్టుపక్కల గడీల గోడలు చూసినవాళ్లకు కంఠీరవం ఊరు అంతకన్నా దగ్గర. ఇంకో అభ్యంతరంలో నిజముంది: చర్చలు సాగే చోట కథ నెమ్మదిస్తుంది. అక్కడ పేజీలు తిప్పేసినా తప్పులేదు, కథ తెగిపోదు. అసలు చిక్కు వేరే ఉంది. మన దగ్గర నీతికథల బీరువా దాటితే నేరుగా పెద్దల సాహిత్యమే, నడుమ అర లేదు. ‘ప్రజల మనిషి’ని, అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ను జూనియర్ కాలేజీ లైబ్రరీల్లో గైడ్ల పక్కనుంచి తీసి విడిగా పెట్టాలి.