పల్లె పాఠాలు – 17: ‘ప్రమాదవశాత్తు’ అనే అబద్ధం



మా పల్లె కుర్రాడొకడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. ఏ కరెంటు లైను ముందు తెగుతుందో లెక్కగట్టడం వాడి ప్రాజెక్టు. “అన్నా, రిస్క్‌కి తెలుగేంటి?” అని ఫోన్ చేశాడు. ప్రమాదం అన్నాను. “మరి యాక్సిడెంట్‌కి?” అదీ ప్రమాదమే.

జరగబోయేదానికీ జరిగిపోయినదానికీ మన దగ్గర ఒకటే మాట. కానీ సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ధమ్మపదంలో రెండో అధ్యాయం పేరు అప్పమాద వగ్గం. ఏమరకుండా ఉండటం గురించి చెప్పే అధ్యాయం అది. అంటే ఆ మాటలో మొదట ఒక మనిషి ఉన్నాడు, చేయాల్సిన పని చేయనివాడు. “తీగ తెగిపడి ప్రమాదవశాత్తు కూలీ మృతి” అని పేపర్లో రాసేసరికి ఆ మనిషి మాయమైపోయాడు. చచ్చినవాడే మిగిలాడు.

ఇంజనీర్ల లెక్కలో రిస్క్ అంటే రెండు అంకెల గుణకారం. లైను తెగే అవకాశం ఒకటి, తెగితే జరిగే నష్టం రెండోది.

మొదటి అంకె ఇనుముకి సంబంధించింది. లైను తీగ మధ్యలో ఉక్కు, చుట్టూ అల్యూమినియం పోగులు. గాలికి ఏళ్ల తరబడి సన్నగా వణికి వణికి క్లాంపు దగ్గర ఒక్కో పోగూ తెగుతుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. ఎండకీ లోడుకీ వేడెక్కి తీగ కిందకి జారుతుంది. ఇవన్నీ కొలవొచ్చు. కొలిచి ముందే మార్చొచ్చు.

రాజకీయమంతా రెండో అంకెలో ఉంది. నష్టాన్ని దేనితో కొలుస్తారు? విద్యుత్ సంస్థల పనితీరు చెప్పే సైఫీ, సైడీ అనే సూచికలున్నాయి. ఒక్కో వినియోగదారుడికి సగటున ఎన్నిసార్లు కరెంటు పోయింది, ఎంతసేపు పోయింది అని చెబుతాయవి. తీగ కింద ఎవరు చచ్చారో చెప్పవు. నష్టాన్ని ఇలాగే కొలిస్తే నలభై మీటర్లున్న పల్లె లైను ఎప్పటికీ జాబితా అడుగునే ఉంటుంది.

ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. 2018 నవంబర్ 8న అమెరికాలోని కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ కంపెనీ 115 కేవీ లైను టవరు మీద ఒక ఇనుప కొక్కెం విరిగింది. దాదాపు వందేళ్ల నాటి లైను. కొక్కెం అరిగి అరిగి సన్నబడింది. టవరెక్కి దగ్గరగా చూడటం ఏళ్ల తరబడి జరగలేదు. తీగ టవరుకి తగిలి నిప్పు రాలింది. పారడైజ్ అనే ఊరు కాలిపోయింది. 85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. 2020లో ఆ కంపెనీ 84 మరణాలకి కోర్టులో నేరం ఒప్పుకుంది. అక్కడ ‘ప్రమాదవశాత్తు’ అనే మాట నిలబడలేదు.

మన దగ్గరా నిలబడకూడదు. మధ్యప్రదేశ్‌లో వానలో తెగిపడిన తీగ మీదుగా సైకిల్ పోనిచ్చి ఒక కార్మికుడు చనిపోయాడు. ఎవరో కరెంటు దొంగిలించడానికి వేసిన తీగ వల్లే ఇది జరిగిందని విద్యుత్ బోర్డు వాదించింది. అదే నిజమైనా బాధ్యత బోర్డుదేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాంతకమైన వస్తువుతో వ్యాపారం చేసేవాడు, తన తప్పు ఉన్నా లేకపోయినా నష్టం కట్టాల్సిందే. “మీ పల్లెవాళ్లు కొక్కేలేస్తారు కదా” అని ఎవరన్నా అంటే ఈ తీర్పు గుర్తు చేయండి.

మా పల్లె సంగతి చెప్తాను. ఊళ్లో లైను వీధి పక్కగా పోతుంది. మాకు ఇళ్ల స్థలాల పట్టాలిచ్చింది 11 కేవీ లైను కిందే. అమ్మ డాబా మీద బట్టలారేస్తే తీగ చెయ్యెత్తు దూరంలో ఉంటుంది. మూడుసార్లు అర్జీ పెట్టాం. “లైను కింద మిమ్మల్ని ఎవరు కట్టుకోమన్నారు?” అన్నారు. పట్టా మీద సంతకం ఎవరిదో చూపిస్తే మాట్లాడలేదు. లైను మాత్రం అక్కడే ఉంది.

నిబంధన ఏమంటుందో రాసుకోండి. 11 కేవీ తీగ కప్పు మీదుగా పోతే మధ్యలో కనీసం 3.7 మీటర్లు ఉండాలి. పక్కగా పోతే 1.2 మీటర్లు. రోడ్డు దాటేచోట నేల నుంచి 6.1 మీటర్లు. తీగ బాగా జారినప్పుడు కూడా ఇంత ఉండాలి. అంటే మండు వేసవి మధ్యాహ్నం కూడా.

ఇంకో సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. కిందపడిన తీగలో కరెంటు పోయిందని అనుకోవద్దు. పొడి నేల మీదో సిమెంటు రోడ్డు మీదో పడితే భూమిలోకి పోయే కరెంటు చాలా తక్కువ. దాన్ని సబ్‌స్టేషన్‌లోని రిలే పసిగట్టకపోవచ్చు. లైను ఆగదు. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి 1912కి ఫోన్ చేయండి. అప్పటికే దగ్గరున్నవాళ్లు అంగలేయకుండా, రెండు పాదాలూ కలిపి నేల మీద జరుపుకుంటూ బయటికి రావాలి.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ పల్లెలో వంగిన స్తంభాలు, జారిన తీగలు, ఇళ్ల మీదుగా పోయే లైన్లు లెక్కపెట్టండి. తీగని కొలవడానికి కర్ర, గెడ ఎత్తకండి, కింద నిలబడి ఫొటో తీస్తే చాలు. స్తంభం నెంబరు, తేదీ రాసి అర్జీ ఇవ్వండి. రసీదు దాచుకోండి. ఆ రసీదు ఉన్నచోట “మాకు తెలియదు, ప్రమాదవశాత్తు జరిగింది” అని రేపు ఎవడూ అనలేడు.

జై భీమ్.