సీటీసీలో మదర్‌బోర్డు బేరం

హైదరాబాద్‌లో కంప్యూటర్ పార్ట్ ఏది కావాలన్నా, ఎవర్నడిగినా చెప్పేది ఒకటే మాట: సీటీసీకి పొమ్మని. పూర్తి పేరు చెనాయ్ ట్రేడ్ సెంటర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉంటుంది. పూర్తి పేరు చెప్తే ఆటోవాలా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. సీటీసీ అంటే మాత్రం వెంటనే ఎక్కమంటాడు.

చెనాయ్ అన్నది సికింద్రాబాద్‌లోని ఒక పాత పార్సీ కుటుంబం ఇంటిపేరు. దగ్గర్లోనే ఎంజీ రోడ్డులో 1847లో కట్టిన పార్సీల అగ్ని దేవాలయం ఇప్పటికీ ఉంది. మెట్రోలో వచ్చేవాళ్లు బ్లూలైన్‌లో ప్యారడైజ్ స్టేషన్ దగ్గర దిగాలి. బిర్యానీ వాసనకి లొంగిపోకుండా పార్క్‌లేన్ వైపు నడవగలిగితే చాలు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకి జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాలే. అందుకే ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ జనం ఎంతమంది కనిపిస్తారో, జిల్లాల నుంచి వచ్చిన ఫొటో స్టూడియోల వాళ్లు, జిరాక్స్ షాపుల వాళ్లు, నెట్ సెంటర్ల వాళ్లు కూడా అంతమంది కనిపిస్తారు.

లోపల ఇరుకు వరండాలు. రెండు వైపులా చిన్న చిన్న షాపులు. ఒక మంచం వేస్తే నిండిపోయే గదిలో కూడా లక్షల సరుకు ఉంటుంది. భుజం మీద మానిటర్ డబ్బా పెట్టుకుని కుర్రాళ్లు 'సైడ్ సైడ్' అంటూ పరిగెడుతుంటారు. మనం అడిగింది షాపులో లేకపోతే 'లేదు' అనరు. 'కూర్చోండి, అయిదు నిమిషాలు' అంటారు. కుర్రాడు పక్క అంతస్తులోని ఇంకో షాపు నుంచి తెచ్చేస్తాడు. తెలుగులో అడిగితే తెలుగులో, హిందీలో అడిగితే హిందీలో, చాలాసార్లు రెండూ కలిపి జవాబొస్తుంది. ధర మాత్రం చిన్న చీటీ మీద రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని నాలుగు షాపులు తిరగడమే సీటీసీ సంప్రదాయం.

ఒకే పని, మూడు ధరలు

2024 దసరా అయిపోయిన వారం మా చిన్నమ్మ కొడుకుతో అక్కడికి వెళ్లాను. వాడికి జగిత్యాలలో చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్ కూడా వాడే. కార్తీకంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు కొత్త కంప్యూటర్ కావాలి. ఏడాది పాటు చిట్టీ కట్టి ఎత్తుకున్న డబ్బు చేతిలో ఉంది. లెక్క దాటితే అప్పు చేయాల్సిందే.

ప్రాసెసర్ ముందే అనుకున్నాం, ఏఎండీ రైజెన్ 7 7700. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060. పేచీ అంతా మదర్‌బోర్డు దగ్గరే. మొదటి షాపులో మూడు డబ్బాలు పెట్టారు. మామూలుది 12,800. మధ్యది 16,200. ప్రీమియంది 24,500. మూడిటి మీదా ఒకే చిప్‌సెట్ పేరు, బీ650. ప్రీమియం డబ్బా మీద మెరిసే అక్షరాలు, రంగురంగుల లైట్ల బొమ్మ. తమ్ముడి చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది.

"అక్కా, ఇది మస్తున్నది. గేమింగ్ బోర్డంట. దీంట్ల ఎడిటింగ్ ఇంకా స్పీడ్ అయితది గద?"

కౌంటర్ వెనక పెద్దాయన నవ్వారు. "ముందు నువ్వు ఏం పని చేస్తవో చెప్పు బిడ్డా. బోర్డు సంగతి తర్వాత."

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. మదర్‌బోర్డు లెక్కలు చేయదు. లెక్కలు చేసేది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. బోర్డు వాటికి కరెంటు ఇస్తుంది, దారులు వేస్తుంది. అదే ప్రాసెసర్, అదే ర్యామ్ పెడితే మామూలు బోర్డు మీద పెళ్లి వీడియో ఎంత సేపట్లో రెండర్ అవుతుందో, ప్రీమియం బోర్డు మీదా దాదాపు అంతే సేపట్లో అవుతుంది. మరి ఆ పదకొండు వేల ఏడొందలు ఎక్కడికి పోతున్నాయి?

డబ్బా వెనక చదివితే

మొదటిది కరెంటు. పవర్ సప్లయ్ నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి సరిపడేలా సుమారు 1.2 వోల్టులకి దించాలి. ఆ పని చేసేది వీఆర్‌ఎమ్. వోల్టేజీ అంత తక్కువైనప్పుడు ఆంపియర్లు పెరుగుతాయి. వీఆర్‌ఎమ్ వేడెక్కేది అందుకే. ప్రీమియం బోర్డుల్లో ఆ పనిని ఎక్కువ భాగాలకు పంచుతారు, పైన మందపాటి అల్యూమినియం దిమ్మలు పెడతారు. మా ప్రాసెసర్ మీద రాసింది 65 వాట్లు. మామూలు సెట్టింగుల్లో గట్టిగా పని చేసినా 88 వాట్లు దాటదు. అదే రైజెన్ 9 7950ఎక్స్ అయితే 230 వాట్ల దాకా లాగుతుంది. రాత్రంతా 3డీ రెండర్లు పెట్టేవాళ్లకి ఖరీదైన వీఆర్‌ఎమ్ అవసరమే. మాకు అంత అక్కర్లేదు. అయితే జగిత్యాల మే నెల ఎండలో, ఏసీ లేని గదిలో పని చేయాలి. అన్నిటికన్నా చవకైన బోర్డు మీద వీఆర్‌ఎమ్‌కి హీట్‌సింకే లేదు. మధ్య బోర్డు మీద ఉంది. ఆ తేడాకి డబ్బు పెట్టొచ్చు.

రెండోది దారులు. ఇంకో వరసలో ఎక్స్670ఈ బోర్డులు కనిపించాయి, ధర ఇంకా పైన. వాటిల్లో గ్రాఫిక్స్ కార్డుకి పీసీఐఈ 5.0 స్లాట్ ఉంటుంది. కానీ ఆర్‌టీఎక్స్ 4060 పీసీఐఈ 4.0 కార్డు, అదీ ఎనిమిది లేన్లే వాడుకుంటుంది. ఊళ్లో సైకిల్ తొక్కేవాడికి ఎక్స్‌ప్రెస్‌వే వేసినట్టు.

మూడోది ర్యామ్ స్లాట్లు. చవక బోర్డులో రెండు, మధ్యదానిలో, ప్రీమియంలో నాలుగు. నాలుగుంటే రేపు ఇంకో రెండు తగిలించుకోవచ్చు కదా అనిపిస్తుంది. డీడీఆర్5లో ఒక మెలిక ఉంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎండీ ఇచ్చిన లెక్కలో రెండు స్టిక్కులుంటే వేగం 5200, నాలుగు పెడితే 3600. అందుకే నాలుగు స్లాట్లున్నా మొదటే రెండు స్టిక్కుల్లో కావాల్సినంత కొనడం మేలు. మేము 16 జీబీవి రెండు తీసుకున్నాం.

మిగిలినవి సౌకర్యాలు. వైఫై, వెనక ఎక్కువ యూఎస్‌బీ పోర్టులు, ఎం.2 స్లాట్లు, ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చుకునే బటన్, లైట్లు. తమ్ముడి స్టూడియోలో ఇంటర్నెట్ కేబుల్ ఉంది కాబట్టి వైఫై అక్కర్లేదు. ఎం.2 స్లాట్లు మాత్రం రెండు కావాలి, ఒకటి విండోస్‌కి, ఒకటి నడుస్తున్న పెళ్లికి. అవి మధ్య బోర్డులోనూ ఉన్నాయి.

వారంటీ అడిగాం. మూడు బోర్డులకీ మూడేళ్లే.

మిగిలిన డబ్బు ఏం చేయాలి?

పెద్దాయన ఇంకో ప్రశ్న వేశారు. "పెళ్లి ఫుటేజీ ఎక్కడ పెడతవ్?"

"కంప్యూటర్లనే సార్. ఒక్కో పెళ్లికి మూడొందల జీబీ అయితది."

"ఇంకో కాపీ?"

తమ్ముడు మాట్లాడలేదు. మదర్‌బోర్డు పోతే వారంటీలో ఇంకోటిస్తారు. డిస్కు పోయినా ఇంకోటిస్తారు. అందులో ఉన్న అప్పగింతల సీను మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ పిల్ల మళ్లీ అత్తారింటికి బయల్దేరదు, ఆ నాన్న మళ్లీ ఏడవడు. జగిత్యాల లాంటి ఊళ్లో ఒక్క పెళ్లి వీడియో పోగొట్టాడని పేరొస్తే ఆ స్టూడియోకి ఇంకో ముహూర్తం రాదు.

మధ్య బోర్డు తీసుకున్నాం. ప్రీమియంతో పోలిస్తే మిగిలింది 8,300. దానికి ఇంకొంచెం కలిపి, కాపీల కోసమే 4 టీబీ హార్డ్‌డిస్క్ కొన్నాం. లైట్ల బోర్డు వైపు తమ్ముడు ఇంకోసారి చూశాడు గానీ ఏమీ అనలేదు.

మధ్య బోర్డుకి ఇంకో లాభం కూడా ఉంది. ఈ ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. రేపు స్టూడియో పెరిగితే బోర్డు అలాగే ఉంచి, బయోస్ అప్‌డేట్ చేసి, ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. అన్నిటికన్నా చవకది కొంటే ఆ రోజు బోర్డే అడ్డం పడొచ్చు. 'మామూలుది చాలు' అన్న మాటకి కూడా ఒక హద్దుందని గుర్తుపెట్టుకోవాలి.

మేము బేరం చేస్తుండగానే పక్కన ఒకాయన 7950ఎక్స్‌కి ప్రీమియం బోర్డు కట్టించుకుంటున్నారు. పెద్దాయన ఆయనకి తక్కువది తీసుకోమని ఒక్క మాటా అనలేదు. ఆయన పనికి అదే సరైన బోర్డు.

మీరు వెళ్తే

కొన్ని జాగ్రత్తలు. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, మొత్తం 1718. ఒక్కటి వంగినా వారంటీ వర్తించదనే అంటారు. కాబట్టి షాపులోనే డబ్బా తెరిపించి, మూత తీయించి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామని ఎవరైనా అనొచ్చు. 18 శాతం జీఎస్టీ తగ్గుతుందని ఆశపడితే మూడేళ్ల వారంటీకి చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు. బిల్లు మీద బోర్డు సీరియల్ నంబర్ రాయించుకోండి. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి బేరం చేయడం ఇక్కడ మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆదివారం వెళ్లకండి, ఎక్కువ షాపులు మూసే ఉంటాయి. శనివారం సాయంత్రం నిలబడ్డానికి చోటుండదు. పొద్దున పదకొండు గంటలకి వెళ్తే కౌంటర్ వెనక ఉన్నవాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. చీటీ మీద బోర్డు పేరు రాసుకునే ముందు, దాంతో మీరు చేయబోయే పని ఏమిటో ఒక్క వాక్యం రాసుకోండి. ప్రీమియం కావాలో మామూలుది చాలో సగం అక్కడే తేలిపోతుంది.